మార్లవాయి గుడిసె బడి నుంచి ఉట్నూర్ సర్కారు బడి దాకా



ఈ సంచికలో మన పండుగల గురించి, మన పోరాటాల గురించి పెద్దలు రాస్తున్నారు. నేను బడి గురించి రాస్తాను. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో పాఠాలు చెప్పినవాణ్ణి. నాకు బాగా తెలిసింది అదే.

జూన్ నెల వచ్చిందంటే ఉట్నూర్‌లో రెండు దృశ్యాలు కనబడతాయి. ఒకవైపు బడిబాట బ్యానర్ పట్టుకుని సర్కారు సార్లు, మేడమ్‌లు ఇంటింటికీ తిరుగుతూ పిల్లల్ని పంపమని అడుగుతుంటారు. మరోవైపు ప్రైవేటు బడుల వ్యాన్లు గూడేల దాకా వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతుంటాయి. హోటల్ దగ్గర టీ తాగేవాళ్లు "సర్కారు బడిలో పిల్లలూ లేరు, చదువూ లేదు" అని ఒకే మాటగా అనేస్తారు.

నిజానికి అవి రెండు మాటలు. బడిలో ఎంతమంది చేరుతున్నారన్నది ఒక లెక్క. చేరినవాళ్లకు ఎంత చదువు వస్తోందన్నది ఇంకో లెక్క. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో చెప్పడానికి మన దగ్గరే ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలియకుండా తీర్పు చెప్పడం మనకు తగదు.

బడి ఎందుకు వచ్చింది

మన ప్రాంతంలో బడి చరిత్ర జోడేఘాట్ దగ్గర మొదలవుతుంది. భూమి కోసం, అడవి మీద హక్కు కోసం కొమురం భీం నిలబడి 1940లో ప్రాణమిచ్చాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం 'ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారు?' అని ఆలోచించింది. ఆ సంగతి తెలుసుకోవడానికి వచ్చినవాడే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. భార్య బెట్టి ఎలిజబెత్‌తో కలిసి ఆయన 1941లో మార్లవాయి చేరాడు. ఇప్పుడు ఆ ఊరు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. అప్పట్లో అది ఉట్నూర్ ప్రాంతపు అడవిలో ఒక చిన్న గోండు గ్రామం. మనవాళ్లు కట్టిన గుడిసెలోనే ఆ దంపతులు కాపురమున్నారు.

మన తాతలను బాధపెట్టినవాటిలో కాగితం ఒకటి. సావుకారు పద్దు పుస్తకంలో ఏం రాశాడో తెలియదు. జంగ్లాతు జవాను ఇచ్చిన రసీదులో ఎంత ఉందో తెలియదు. భూమి ఎవరి పేరున ఎక్కిందో తెలియదు. తాతలు సేద్యం చేసిన నేల ఒక ముక్క కాగితంతో పరాయివాడి పాలయ్యేది. అక్షరం రాకపోవడం అంటే ఆ రోజుల్లో భూమి పోవడమే. కాబట్టి మన దగ్గరికి బడి ఉద్యోగం కోసం రాలేదు. భూమిని కాపాడుకోవడానికి వచ్చింది.

గోండుల చేతికి వచ్చిన బడి

1943లో గోండు విద్యా పథకం మొదలైంది. మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. అయితే శిక్షణ ఎవరికివ్వాలి? చదువొచ్చిన గోండు వెతికినా దొరకని కాలం అది. బయటి నుంచి పంతుళ్లను తెస్తే అడవిలో ఉండరు. ఉన్నా పిల్లల భాష రాదు. అందుకే అక్షరం రాని గోండు యువకులనే తెచ్చి ముందు చదవడం, రాయడం నేర్పారు. ఆ తర్వాత బోధించడం నేర్పారు. వాళ్లనే మళ్లీ గూడేలకు పంతుళ్లుగా పంపారు.

పాఠాలు గోండీలో ఉండేవి. పుస్తకాలు దేవనాగరి లిపిలో అచ్చువేశారు. ముందు ఇంటి మాటలో అక్షరం పట్టుబడేది. ఆ తర్వాత మరాఠీ, దర్బారు భాష అయిన ఉర్దూ నేర్పేవారు. పంతులు మన గోత్రాలు తెలిసినవాడు. మన దేవతల కొలువులో కూర్చునేవాడు. పిల్లవాడు రెండు రోజులు రాకపోతే ఎందుకు రాలేదో అడగకుండానే అతనికి తెలిసేది.

అదే కాలంలో ఆదిలాబాద్ జిల్లాలో ఆదివాసీ రైతులకు పట్టాలివ్వడం మొదలైంది. 1940లు ముగిసేసరికి 11 వేలకు పైగా ఆదివాసీ రైతులకు దాదాపు 1,60,000 ఎకరాల మీద హక్కు దక్కింది. ఒక చేతికి పట్టా, ఇంకో చేతికి ఆ పట్టాను చదివే అక్షరం వచ్చాయి. పిల్లల్ని బడికి పంపమని ఎవరినీ బతిమాలాల్సిన పని లేకపోయింది. చదువు దేనికి పనికొస్తుందో తండ్రికి కళ్లముందే కనబడింది.

తమ్ముళ్లారా, ఈ విషయం గుర్తుంచుకోండి. మార్లవాయి పద్ధతిలో నడిచిన బడికి పెద్ద భవనం లేదు, వ్యాన్ లేదు, టై లేదు. ఉన్నవి మూడే. పిల్లల మాట వచ్చిన పంతులు, ఊరిలోనే కాపురమున్న పంతులు, ఇంటికి పనికొచ్చే చదువు. ఈ మూడూ ఉన్నప్పుడు బడి నిండింది.

భాష మారింది

1948లో నిజాం పాలన పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. పాలనా భాష తెలుగు అయింది, బడి భాషా తెలుగు అయింది. తెలుగు నేర్చుకోవడం తప్పని నేననను. తెలుగు రాకపోతే నేను ఈ వ్యాసం రాయలేను, మీరు చదవలేరు. గోండీ మెట్టు మీద కాలు పెట్టి తెలుగు మెట్టు ఎక్కాల్సినచోట మొదటి మెట్టును తీసేశారు. తప్పు అక్కడ జరిగింది.

నా సంగతే చెబుతాను. మా ఊరి బడిలో సారు బోర్డు మీద 'ఏరు' అని రాసి చదవమన్నాడు. చదివాను. ఏరు అంటే ఏమిటని అడిగాడు. నేను లేచి వెళ్లి కుండలో నీళ్లు చూపించాను. బడంతా నవ్వింది. మన గోండీలో నీళ్లను 'ఏర్' అంటాం కదా! తెలుగులో ఏరు అంటే వాగు అని నాకేం తెలుసు? సారుకు గోండీ తెలిసి ఉంటే ఆ రోజు గొప్ప పాఠం జరిగేది. రెండు భాషలూ అక్కాచెల్లెళ్లని, నీళ్లకూ వాగుకూ ఒకే మాట ఎలా వచ్చిందో చెప్పి ఉండేవాడు. తెలియదు కనుక నన్ను మొద్దు అన్నాడు. తర్వాత నేను నెల రోజులు బడి మొహం చూడలేదు. మా అవ్వ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది కాబట్టి మళ్లీ చేరాను. అలా లాక్కెళ్లేవాళ్లు లేని నా తోటివాళ్లు పశువుల వెంట వెళ్లారు.

హైమన్‌డార్ఫ్ మళ్లీ మళ్లీ మన దగ్గరికి వచ్చి చూశాడు. గోండీ బోధన ఆగిపోవడం గురించి, పాఠశాలల పరిస్థితి గురించి 1982లో వచ్చిన తన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' పుస్తకంలో రాశాడు.

అంకెలు ఏం చెబుతున్నాయి

జనాభా లెక్కలు చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగల అక్షరాస్యత 1961లో 4.4 శాతం, 1971లో 5.3, 1981లో 7.8. ఇరవై ఏళ్లలో నాలుగు శాతం కూడా పెరగలేదు. అదే 1981లో దేశం మొత్తం మీద గిరిజనుల అక్షరాస్యత 16 శాతం దాటింది. అంటే మన రాష్ట్రం దేశంలో సగం దగ్గర ఉంది.

1991లో అది 17.2 అయింది. ఆ సంవత్సరం నుంచి ఏడేళ్ల లోపు పిల్లల్ని లెక్కలోంచి తీసేశారు కాబట్టి ఈ పెరుగుదలలో కొంత లెక్క పద్ధతి వల్ల వచ్చిందే. 2001లో 37.0, 2011లో 49.2. వీటిలో 1991కీ 2001కీ మధ్య జరిగినదే పెద్ద మార్పు. పదేళ్లలో రెట్టింపుకు మించి పెరిగింది.

ఆ పదేళ్ల చుట్టూ ఏం జరిగింది? 1970ల్లో ఉట్నూర్‌లో ఐటీడీఏ వచ్చింది. దాని కింద ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. తిండి, మంచం, పుస్తకం ఒకేచోట దొరికాయి. బడిలేని చిన్న చిన్న గూడేల్లో గిరిజన విద్యా వికాస కేంద్రాలు తెరిచారు. 1990ల చివర 'మాబడి' వచ్చింది. గూడెం వాళ్లే చోటు చూపిస్తే, ఆ ప్రాంతపు యువకుడో యువతో పంతులయ్యేవారు. మార్లవాయి ఆలోచనే ఇంకో పేరుతో తిరిగి వచ్చింది. 2003 నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం బడిలోనే వండిపెట్టడం మొదలైంది. బడి గూడేనికి దగ్గరైనప్పుడు, తెలిసినవాడు పంతులైనప్పుడు, కడుపు నిండినప్పుడు మన పిల్లలు బడికి వచ్చారు. ఆదివాసీలకు చదువంటే ఇష్టం లేదని ఎవరైనా అంటే ఈ అంకెలు చూపించండి.

2004లో గోండీ, కోయ, కొలామీతో సహా 8 భాషల్లో మొదటి తరగతుల పిల్లలకు మాతృభాషలో పాఠాలు మొదలుపెట్టారు. పుస్తకాలు వచ్చాయి, బొమ్మలు వచ్చాయి. కానీ అది అన్ని బడులకూ చేరి స్థిరపడలేదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన మన లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు ఫోన్‌లో మన లిపికి చోటుంది. ఒకటో తరగతి గదిలో మాత్రం మన మాటకు ఇంకా చోటు వెతుక్కోవాల్సి వస్తోంది.

మన సార్లు, మన బాధ్యత

ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 1986లో ఒక ఉత్తర్వు వచ్చింది. అది కోర్టుల్లో నలిగింది. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్నది. దాంతో వేలాది ఇళ్లలో మొదటి ఉద్యోగి పుట్టాడు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని తీర్పు చెప్పింది. అప్పటికే ఉన్న ఉద్యోగాలను షరతులతో కాపాడింది. ఆ తీర్పు మీద మన సంఘాలు ఎన్నో ధర్నాలు చేశాయి, నేనూ వెళ్లాను.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. స్థానిక టీచర్ కావాలని మనం ఎందుకు అడిగాం? పిల్లల భాష వస్తుందని, ఊరిలో ఉంటాడని. కానీ ఉద్యోగం వచ్చాక మనలో చాలామంది ఉట్నూర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఇల్లు కట్టుకున్నాం. పొద్దున బండి మీద బడికి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చాం. క్లాసులో గోండీ మాట్లాడితే నామోషీ అనుకున్నాం. నా పిల్లల్ని నేను కూడా ప్రైవేటు బడికే పంపాను. సర్కారు జీతం తీసుకుంటూ సర్కారు బడిని నమ్మని సార్లలో నేనూ ఒకణ్ణి. గూడెం జనానికి ఇది కనబడదా? "సారు పిల్లలే ఇక్కడ చదవరు, మా పిల్లలెందుకు?" అని ఒక అక్క నన్ను నిలదీసింది. జవాబు చెప్పలేకపోయాను.

ఉట్నూర్‌లో పిల్లలు ఎందుకు తగ్గుతారు

ఇప్పుడు చిన్న పట్నం సంగతికి వద్దాం. ఉట్నూర్ లాంటి చోట సర్కారు ప్రాథమిక బడిలో పిల్లలు తగ్గడానికి కారణం ఒక్కటి కాదు. ఇళ్లలో పిల్లల సంఖ్యే తగ్గింది. ఐదో తరగతి నుంచి గురుకులాలు, ఆరో తరగతి నుంచి ఏకలవ్య పాఠశాలలు ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుంటాయి. బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం కింద ప్రభుత్వమే ఫీజు కట్టి కొందరిని ప్రైవేటు బడికి పంపుతుంది. ఇంగ్లిష్ మీడియం కోసం వెళ్లినవాళ్లు సరేసరి. 2022–23 నుంచి సర్కారు బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చినా, వెళ్లిపోయినవాళ్లు అంత తొందరగా తిరిగి రారు.

కాబట్టి పిల్లలు తగ్గినంత మాత్రాన ఆ బడిలో సార్లు పాఠం చెప్పట్లేదని అనుకోకూడదు. కానీ తగ్గుదల మొదలయ్యాక ఒక సుడి పుడుతుంది. టీచర్ పోస్టులు పిల్లల సంఖ్యను బట్టి ఉంటాయి. పిల్లలు తగ్గితే ఒక పోస్టు పోతుంది. మిగిలిన ఒక్క సారు ఐదు తరగతులూ చూడాలి. ఆయన మీటింగుకు వెళితే బడికి తాళమే. అది చూసి ఇంకో నలుగురు పిల్లల్ని తీసేస్తారు. ముందు వెళ్లేది ఫీజు కట్టగలిగినవాళ్లు, అంటే బడికి వచ్చి "ఎందుకు తాళం వేశారు?" అని గట్టిగా అడగగలిగినవాళ్లు. మిగిలేది కూలీల పిల్లలు. వాళ్ల తరఫున అడిగేవాళ్లుండరు.

చదువు దెబ్బతినడానికి మన కాలం లెక్క కూడా కారణమే. వానల్లో జ్వరాలు. దీపావళికి దండారి. ఆ తర్వాత పత్తి తీత, అప్పుడు ఇంట్లో ప్రతి చెయ్యీ కావాలి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా. హాజరు పడిపోయేది ఈ రోజుల్లోనే. తిరిగొచ్చిన పిల్లవాడికి పోయిన పాఠం ఎవరూ చెప్పరు. పుస్తకం ముందుకు పోతుంది, వాడు వెనక మిగులుతాడు.

ఒక చిన్న లెక్క

ఫలితాలు వచ్చినప్పుడు "మా బడిలో 92 శాతం పాస్" అని బోర్డు పెడతారు. ఒక లెక్క వేసి చూద్దాం. ఒకటో తరగతిలో 40 మంది చేరారనుకుందాం. పదో తరగతికి వచ్చేసరికి 12 మంది మిగిలారు. అందులో 11 మంది పాసయ్యారు. పన్నెండులో పదకొండు అంటే 92 శాతం, నిజమే. కానీ నలభైలో పదకొండు అంటే 28 శాతం కూడా కాదు. మిగతా వాళ్లలో కొందరు వేరే బడికి వెళ్లి ఉంటారు. కొందరు పత్తి చేలోకి వెళ్లి ఉంటారు. ఎవరు ఎటు వెళ్లారో తెలియకుండా బడి మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం.

ఆ సంగతి తెలిపే పుస్తకం ప్రతి బడిలో ఉంటుంది. దాని పేరు అడ్మిషన్ రిజిస్టర్. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ, టీసీ తీసుకున్న సంగతి అందులో ఉంటాయి. మన తెగకు రాజుల శాసనాలు తక్కువ. మన ఇళ్ల పేర్లు కాగితం మీదికి మొదట ఎక్కిన చోట్లలో ఈ రిజిస్టర్లు ముఖ్యమైనవి. కొన్ని పాత బడుల్లో అవి చెదలు పట్టి ఉన్నాయి. పిల్లలు లేక మూతపడిన బడుల రిజిస్టర్లు ఏ బీరువాలో ఉన్నాయో వెతకాలి. అవి పోతే మన చదువు చరిత్ర కూడా పోతుంది.

మీరు చేయగలిగిన పని

మీలో డిగ్రీ చదువుతున్నవాళ్లు, బీఎడ్ చేసి ఖాళీగా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ ఏడాది ఒక పని పెట్టుకోండి. మీరు చదివిన సర్కారు బడికి వెళ్లండి. హెడ్‌మాస్టర్ అనుమతి తీసుకోండి. పదేళ్ల కింద ఒకటో తరగతిలో ఎంతమంది చేరారో, వాళ్లలో ఎంతమంది ఐదు దాటారో, ఎంతమంది పది దాటారో లెక్క తీయండి. ఆడపిల్లల లెక్క వేరుగా రాయండి. పిల్లల పేర్లు బయట పెట్టకండి, అంకెలు మాత్రం తీసుకోండి. మానేసినవాళ్ల ఇంటికి వెళ్లి ఎందుకు మానేశారో మన మాటలో అడగండి. సర్వే చేయడానికి వచ్చే బయటివాళ్లకు ఆ జవాబు దొరకదు, మీకు దొరుకుతుంది.

ఇంకొకటి. వారానికి రెండు సాయంత్రాలు గూడెంలో కూర్చుని, పత్తి తీతకు వెళ్లొచ్చిన పిల్లలకు పోయిన పాఠం చెప్పండి. ముందు గోండీలో చెప్పండి, తర్వాత తెలుగులో, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో. మార్లవాయిలో మొదటి పంతుళ్లకు మీకున్న చదువులో పదోవంతు కూడా లేదు. అయినా వాళ్లు చెప్పగలిగారు.

ప్రతి జనవరి 11న మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధుల దగ్గర మనం కలుస్తాం. దండలు వేస్తాం, ఉపన్యాసాలు ఇస్తాం, ఫోటోలు దిగుతాం. వచ్చే జనవరికి ఒక్కొక్కరు ఒక్కో బడి లెక్క కాగితం మీద రాసి తీసుకురండి. అన్నీ ఒకచోట పెడదాం. వాటిని పట్టుకుని ఉట్నూర్ కేబీ కాంప్లెక్స్‌కు వెళ్లి, ఏ బడికి ఏం కావాలో పేరు పెట్టి అడుగుదాం. 'సర్కారు బడి బాగాలేదు' అని గొణిగితే ఏ అధికారీ కదలడు. ఫలానా బడిలో నలభైమందిలో ఇరవైమంది ఏమయ్యారని అడిగితే జవాబు చెప్పక తప్పదు.

మన తాతలు కాగితం చదవలేక భూమి పోగొట్టుకున్నారు. మనకు చదవడం వచ్చింది. ఇప్పుడు ఆ రిజిస్టర్ తెరిచి చదువుదాం.

జై సేవా!